తిండి, హక్కు, కృతజ్ఞత

(దేవరకొండ ప్రాంతంలో జరిగిన మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభలో మాట్లాడటానికి లేచినవాళ్లు ముందుగా పిలిచినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ. నేనూ చెబుతాను, కాని చివర్లో చెబుతాను. ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నదే కృతజ్ఞత గురించి. ఎవరు ఎవరికి కృతజ్ఞులై ఉండాలని మన కుటుంబాలు, మన ఊళ్లు, మన ప్రభుత్వాలు అనుకుంటాయి? తిండి దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న ఎందుకింత పదునెక్కుతుంది? ఒక పసిపిల్ల కడుపునొప్పి నన్ను ఈ ప్రశ్న దాకా తీసుకొచ్చింది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో అదొక ఊరు. పేరు చెప్పను. ఆ తల్లి పేరూ చెప్పను. మాదిగ వాడలో ఉంటుంది, ముప్పయ్యేళ్లుంటాయి. ఎకరంన్నర చెలక, దాంట్లో పత్తి. మిగతా రోజులు కూలి. మొదట కొడుకు, తర్వాత ఆడపిల్ల. పిల్లకు తల్లిపాలతో పాటు పైతిండి మొదలైన కొన్నాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయి. పొట్ట ఉబ్బింది, కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి. తోటి పిల్లలు పరుగెత్తుతుంటే ఈ పిల్ల గోడ పట్టుకుని నిలబడేది. ఊళ్లో ఆర్.ఎం.పి. మందులిచ్చాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పట్నంలో ఒక డాక్టరు నులిపురుగులన్నాడు, ఇంకొకరు తల్లికి పిల్లను పెంచడం రాదన్నారు. అత్త మాత్రం మొదటినుంచీ ఒకటే మాట: "నీ పాలల్లనే దోషమున్నది."

రెండేళ్లు ఇలా గడిచాయి. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి హైదరాబాదు తీసుకుపోతే అక్కడ రక్తం పరీక్షించారు. నోట్లోంచి గొట్టం వేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూశారు. అప్పుడు తెలిసింది, అది సీలియాక్ వ్యాధి అని. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఆ పిల్ల ఒంటికి పడదు. తిన్నప్పుడల్లా శరీరం తన పేగు గోడ మీద తానే దాడి చేస్తుంది. పేగు లోపలి పొర అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టదు. రక్తహీనత వస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఇది అంటుకునే రోగం కాదు. దీన్ని నయం చేసే మాత్ర కూడా ఇప్పటికి లేదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలను జీవితాంతం మానెయ్యడమే వైద్యం.

ఈ సంగతి లోకానికి తెలిసిన తీరు కూడా ఒక తిండి కథే. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో భయంకరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకోవడం డికె అనే పిల్లల వైద్యుడు గమనించాడు. యుద్ధం ముగిసి రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. గోధుమే కారణమన్న తన అనుమానానికి ఆయన 1950లో సిద్ధాంత గ్రంథం ద్వారా రుజువులు చూపించాడు. మన దేశంలో గోధుమ ప్రధానంగా తినే ఉత్తరాదిన ఈ జబ్బు నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి ఉన్నట్టు 2016లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వెయ్యికి ఒకరంటే తక్కువే. అందుకే మన దగ్గర డాక్టరుకు తట్టదు. తట్టేలోపు నేరం తల్లి మీద పడుతుంది.

డాక్టరు చివర్లో ఒక మాటన్నాడట, "బియ్యం పెట్టొచ్చు, జొన్నరొట్టె పెట్టండి" అని. ఆమె నాతో చెబుతూ నవ్వింది. "మా అవ్వ దినలేక దిన్న తిండిని మందని రాసిచ్చిండు మేడమ్."

నిజమే కదా. జొన్నలు, సజ్జలు, తైదలు, కొర్రలు, సామలు, వరి, వీటిలో వేటిలోనూ గ్లూటెన్ లేదు. మన అవ్వలు తిన్న గట్క, అంబలి, కొర్రబువ్వ, మనం సంక్రాంతికి చేసే సకినాలు, తపాలాకు ఒత్తే సర్వపిండి అన్నీ ఆ పిల్ల తినగలిగినవే. ఈ నేల మీద ఒకప్పుడు పుట్టి ఉంటే ఆమెకు జబ్బున్నట్టు కూడా తెలియకపోయేదేమో. గోధుమ మన మెట్ట ఊళ్లలోకి వేరే దారుల్లో వచ్చింది. కిరాణా కొట్లో బిస్కెట్ పొట్లం, చాయ్‌లో ముంచే బన్ను, ఉప్మారవ్వ, సేమియా, గరిజెలు. పులిహోరలో వేసే డబ్బా ఇంగువలో కూడా సాధారణంగా గోధుమపిండో మైదానో కలుపుతారు. అన్నిటికన్నా ముఖ్యం, అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా ప్రతి పిల్లకూ నెలకు రెండున్నర కిలోలు ఇచ్చే బాలామృతం. వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేస్తారు. చాలామంది పిల్లలకు అది మంచి బలం. ఈ పిల్లకు విషం. పిల్ల చిక్కిపోతున్నకొద్దీ తల్లి ఆ పిండినే ఇంకా ఎక్కువ కలిపి పెట్టింది. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

ఇక ఇంట్లో ఏం జరిగిందో చూడండి. బియ్యం ఉంది కదా, బతుకుతుంది, చాలన్నాడు భర్త. చెడ్డవాడని చెప్పడం లేదు. అప్పు తెచ్చింది ఆయనే. కానీ పిల్లకు రక్తం తక్కువగా ఉంది, ఉట్టి అన్నంతో సరిపోదు, జొన్నలు, పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టమన్నారు. జొన్న కొనాలంటే దేవరకొండ పోవాలి. ఒకప్పుడు ఊరంతా జొన్న పండిన నేల ఇప్పుడు ఊరంతా పత్తి. "ఆడపిల్లకింత ఖర్సా" అని అత్త అంది. కొడుక్కొచ్చి ఉంటే ఆ మాట అనేది కాదని ఆ అత్తకూ తెలుసు. మన కుటుంబాల్లో అన్నం పంచేటప్పుడు మొదటి ముద్ద ఎవరికి, అడుగు గిన్నె ఎవరికి అన్నది అందరికీ తెలిసిన లెక్కే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేల్చింది. వాళ్లకేమీ పేగుజబ్బు లేదు. అడుగు గిన్నె జబ్బు ఉంది.

పైగా ఆమెకు ఒక ఎరుక కలిగించారు, తాను కృతజ్ఞురాలిగా ఉండాలని. "జబ్బు పిల్లను గన్నా మావోడు ఇంట్ల వెట్టుకున్నడు" అని ఆడబిడ్డ నలుగురిలో అంది. అంటే ఇంట్లో ఉండనివ్వడమే ఆమెకు చేసిన మేలు.

జొన్నలు తెచ్చాక ఇంకో చిక్కు. ఊళ్లో పిండి గిర్ని ఒకటే. గోధుమలూ జొన్నలూ ఆ రాళ్ల మధ్యే. ముందు ఎవరో గోధుమలు పట్టిస్తే ఆ పిండి జొన్నపిండిలో కలుస్తుంది. చిటికెడు కలిసినా ఆ పేగుకు హాని. గ్లూటెన్ రహితమని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని నిబంధన పెట్టారంటే, అదెంత సూక్ష్మమైన సంగతో ఆలోచించండి. ఆమె గిర్ని ఆయన్ను రాళ్లు తుడవమని అడిగింది. "నీ ఒక్కదాని కోసం గిర్ని ఆపాల్నా" అన్నాడు. దాంతో అత్త కాలంనాటి ఇసుర్రాయి పశువుల కొట్టంలోంచి బయటికి తీసి, కడిగి, కోడికూతకు లేచి ఇసరడం మొదలుపెట్టింది. మూడు రోజులకొకసారి. ఆ తర్వాత పత్తి ఏరడానికి పోయేది.

నేను ఆ ఇంటికి మొదటిసారి పోయింది ఒక తెల్లవారుజామున. ఇసుర్రాయి చప్పుడు వినగానే నాకు పులకరింత వచ్చింది. మా అమ్మమ్మ కల్వకుర్తి వైపు ఊళ్లో ఇలాగే ఇసిరేది. వెంటనే ఫోన్ తీసి ఫోటో తీయబోయాను. ఆమె తలెత్తకుండానే అంది: "ఫోటో దించుడెందుకు మేడమ్, జెరంత సేపు తిప్పు." కూర్చున్నాను. పావుగంటకు అరచేతిలో బొబ్బ వచ్చింది. సంప్రదాయ ఆహారం మీద నేను రాయాలనుకున్న వ్యాసం ఆ బొబ్బతో పాటే పగిలిపోయింది.

ఎందుకు చెబుతున్నానంటే, "మళ్లీ జొన్నకు పోదాం" అనే మాట ఇప్పుడు బాగా వినబడుతోంది. జొన్న ఎలా పోయిందో మరిచిపోయి ఆ మాట అనకూడదు. మా అమ్మమ్మ తరంలో వరిబువ్వ పండుగనాటి తిండి, దొర ఇంటి తిండి. జీతగాళ్లకు కొలిచేది జొన్నలే. జొన్నతో పాటు దంచుడు, చెరుగుడు, ఇసురుడు, పొయ్యి ముందు కూర్చుని పదిమందికి రొట్టెలు తట్టుడు. ఇదంతా ఎవరి చాకిరీ? 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి వచ్చింది, రైసుమిల్లులు వచ్చాయి. కాలువ ఎక్కని దేవరకొండ, మునుగోడు, పాలమూరు మెట్టలకు నీళ్లు రాలేదు. 1983లో రెండు రూపాయల బియ్యం మాత్రం వచ్చింది. అది మన ఆడవాళ్లకు ఎంత ఊరటో నేను పాలమూరు వలస కుటుంబాల మీద పరిశోధన చేసేటప్పుడు ఎంతోమంది పెద్దమ్మలు చెప్పారు. ఎసట్లో పోస్తే అన్నం అవుతుంది. ఇసరనక్కర్లేదు. దొర తినే తిండి మనమూ తింటున్నామన్న గౌరవం కూడా ఉంది. దాన్ని తక్కువ చేయకండి. అదే ప్రభుత్వం ఇంకో చేత్తో వారుణి వాహిని పేరుతో సారా పొట్లాలు ఊరూరికీ చేర్చి, మిగిలిన ఆ నాలుగు రూపాయలూ లాగేసిందని గుర్తించి 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిపింది కూడా ఈ బియ్యం తిన్న ఆడవాళ్లే. బియ్యం ఇచ్చారు కదా అని విశ్వాసంతో నోరు మూసుకోలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది.

జొన్న సర్వరోగ నివారిణి అని కూడా మనం అనకూడదు. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను పరిశీలించారు. జొన్న తిన్నప్పుడు వరి తిన్నప్పటికంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందని ఆ సంస్థ పరీక్షల్లో తేలింది. తప్పు నీళ్లది, జొన్నది కాదు. కానీ మంచినీళ్లు ఇవ్వకుండా తిండి గురించి ఉపదేశాలు చేస్తే ఏమవుతుందో మన జిల్లా కంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు నగరం వైపు చూడండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ముతక ధాన్యాలన్న పేరు తీసేసి పోషక ధాన్యాలని పేరు పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాదు దుకాణాల్లో జొన్న అటుకులు, రాగి బిస్కెట్లు మెరిసే పొట్లాల్లో, మీద 'గ్లూటెన్ ఫ్రీ' అన్న ముద్రతో దొరుకుతున్నాయి. కొనేవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ లేదు, సన్నబడాలని కొంటారు. జబ్బున్న ఈ పిల్ల తల్లికి ఆ పొట్లం ఒకరోజు కూలి. ఆ జొన్న గింజను ఎవరూ కొననినాడు కూడా గంపలో బూడిద కలిపి దాచిన విత్తనం, దాన్ని దాచిన ఆడమనిషి ఆ పొట్లం మీద ఎక్కడా కనబడరు.

కనబడేలా చేసినవాళ్లు మన పక్క జిల్లాలోనే ఉన్నారు. ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత మహిళా సంఘాలు 1990ల నడుమ తమ సొంత చౌకధరల పద్ధతిని నడిపాయి. పడావు పడ్డ భూములను అప్పుతో సాగులోకి తెచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో సంఘానికే తీర్చారు. ఆ జొన్నలను కరువు నెలల్లో ఊళ్లోని పేద కుటుంబాలకు తక్కువ ధరకిచ్చారు. ఎవరు పేదవాళ్లో ఏ ఆఫీసరూ చెప్పలేదు. ఊరివాళ్లే నేల మీద ముగ్గేసి, ఇంటింటినీ గుర్తుపెట్టి, అందరి ముందూ తేల్చుకున్నారు. అక్కడ తీసుకునేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఒకే సంఘంవాళ్లు. అందుకే దండాలు పెట్టాల్సిన పని తక్కువ.

మన ఊరికి తిరిగొద్దాం. ఆ తల్లి గిర్ని సంగతిని సంఘం సమావేశంలో పెట్టింది. అందరూ ఒక్కసారిగా ఒప్పుకున్నారని చెబితే అబద్ధం. అప్పు కిస్తుల సంగతి మాట్లాడే చోట పిల్ల కడుపు సంగతేమిటని ఒకరన్నారు. "ఇయ్యాల దీనికి గోధుమ పడది, రేపు ఇంకోదానికి పప్పు పడది, అందరి కోసం గిర్ని ఆపుతమా?" అని ఇంకొకరు. ఒక ముసలామె మాత్రం, "ఆపుదం తియ్యి, ఆపితే ఏం బోయింది" అంది. ఆ ఒక్క మాటతో చర్చ మారింది. వారానికొక రోజు పొద్దున్నే గిర్నిలో జొన్నలు, బియ్యం మాత్రమే పట్టాలి. రాళ్లు విప్పి తుడవాలి. తొలి సేరు బియ్యం తిప్పి ఆ పిండిని బర్రెకు పెట్టాలి. ఆ తర్వాతే పిల్ల జొన్నలు. సంఘంలో అందరూ బియ్యప్పిండి, జొన్నపిండి ఆ రోజే పట్టించుకుంటామని మాటిచ్చారు కనుక గిర్ని ఆయనకు నష్టం లేదు. చెదిరిపోయిన గిరాకీ ఒకపూట వచ్చింది. హైదరాబాదు డాక్టరును అడిగితే, సరే, ఆరు నెలలకు రక్తపరీక్ష చేసి చూద్దామన్నాడు. ఆరు నెలల తర్వాత పరీక్షలో మెరుగు కనిపించింది. పిల్ల ఎత్తు పెరిగింది. ఇసుర్రాయి మళ్లీ కొట్టంలోకి పోయింది.

అందరినీ కలుపుకోవడం అని మనం సభల్లో అనేది అసలు ఇలా ఉంటుంది. ఒక గిర్ని, ఒక పొద్దు, ఒక సేరు బియ్యం.

కానీ ఇక్కడితో కథ ముగిస్తే నేను సామాజికశాస్త్రం చదువుకుని లాభం లేదు. పిల్ల బడికి పోయింది. బడిలో మధ్యాహ్న భోజనం అన్నమే కనుక చిక్కు ఉండకూడదు. అయినా ఆ రోగం అంటుకుంటుందేమోనని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అనుమానపడితే, పిల్లను కొంచెం ఎడంగా, వేరే పళ్లెంతో కూర్చోబెట్టారు. ఆ రోజు ఆమె బడికి పోయి అడిగిన మాట నేను మరచిపోలేను: "మా తాతలు హోటల్ల వేరే గిలాసల తాగిండ్రు. నా బిడ్డ సుత వేరేనే కూసోవాల్నా?" పిల్లకు వేరే తిండి కావాలి. వేరే చోటు అక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య తేడా వైద్యపుస్తకం చెప్పదు, కులం తెలిసినవాళ్లకే తెలుస్తుంది. బడి భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే, ఒకే పంక్తిలో కూర్చోవడం ఈ దేశంలో ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

బతుకమ్మ దగ్గరా అంతే. సద్దుల నాడు పూలు నీళ్లలో వదిలాక మలీద, నువ్వులపొడి, పల్లీలపొడి పంచుకుంటాం. ఆ ఊళ్లో మలీద గోధుమరొట్టెలతో చేస్తారు. ఎవరి చేతిలోంచి ఏం తింటుందోనని రెండేళ్లు ఆ సాయంత్రం పిల్లను ఇంట్లోనే పెట్టి తలుపేశారు. కిందటి పండుగకు సంఘంలో కొందరు, అందరి మలీదా సజ్జరొట్టె బెల్లంతోనే చేద్దామన్నారు. పిల్లకు వేరే గిన్నె అక్కర్లేకుండా అందరిదీ ఒకే గిన్నె అవుతుందని. చేశారు కూడా. ఆ తల్లే సగం రొట్టెలు తట్టింది. పిల్ల మొదటిసారి పండుగలో అందరి చేతుల్లోంచీ తిన్నది. కానీ మాదిగ ఇంటి రొట్టె అని కొందరు ఆ మలీద నోట్లో పెట్టుకోలేదు. కొంగున కట్టుకుని తీసుకుపోయి బర్రెకు పెట్టారని మర్నాడు ఆమెకు తెలిసింది. గిర్నిలో తొలి సేరు పిండి బర్రెకు పోయినప్పుడు అది జబ్బును ఆపడానికి. ఈ మలీద బర్రెకు పోయింది మనలోని జబ్బు వల్ల. సంఘం ఒకటైనంత మాత్రాన వాడలు ఒకటి కావు. ఈ సంగతి మన పత్రికల్లో మనమే రాసుకోవాలి, పక్కకు నెట్టకూడదు.

ఆ తర్వాత ఊళ్లో ఒక సభ పెట్టారు. పెద్దమనుషులు, గిర్ని ఆయన, సంఘం నాయకురాళ్లు వేదిక మీద. ఊరు ఒక పిల్లను ఎలా ఆదుకుందో చెప్పడానికి ఆ తల్లిని పైకి పిలిచారు. పిల్లనెత్తుకుని, చేతులు జోడించి, అందరికీ కృతజ్ఞతలు చెప్పమన్నారు. ఆమె మైకు ముందు కొంచెంసేపు నిలబడి అంది: "నా బిడ్డ బువ్వ దింటున్నది. బువ్వ దిన్నందుకు ఎవలి కాళ్లు మొక్కాలె?" దిగి వచ్చేసింది. సభలో గుసగుసలు. "ఇంత జేస్తే ఇస్వాసం లేదు సూడు" అన్నారు.

'విశ్వాసం' అన్న ఆ మాట దగ్గర ఆగుదాం. 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటాం. ఉప్పు పెట్టినవాడు ఏం చేసినా నోరెత్తకూడదని దాని అర్థం. మన నేల మీద ఆ విశ్వాసానికి ఇంకో పేరు ఉండేది, "నీ బాంచెన్, కాల్మొక్త". పండించినవాడు తినేవాడికి దండం పెట్టిన కాలం అది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమిలో పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది ఆ విశ్వాసాన్ని తెంచుకునే. తర్వాత సాయుధపోరాటంలో దళాలకు వండిపెట్టిన, కబుర్లు మోసిన, తుపాకి పట్టిన స్త్రీలు 1951లో పోరాటం ఆగాక మళ్లీ పొయ్యి ముందుకే పోవలసి వచ్చిన తీరు స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'లో వాళ్ల నోటితోనే చెప్పించింది. దొరకు విశ్వాసం చూపనక్కర్లేదని నేర్చుకున్నవాళ్లం, ఇంట్లో అన్నం పెట్టే మొగుడికీ, రేషన్ ఇచ్చే ప్రభుత్వానికీ చూపాలని మాత్రం ఇంకా నమ్ముతున్నాం.

ప్రభుత్వం సంగతి చూడండి. 2001లో తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు వరుస ఆదేశాలు మొదలుపెట్టింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద స్త్రీనే రాయాలని ఆ చట్టమే చెబుతుంది. బియ్యం, గోధుమలతో పాటు జొన్నల వంటి ధాన్యాలనూ అందులో రాశారు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభించి సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఉచితంగా ఇస్తున్నారు. మంచిది. కాని బియ్యం ఇచ్చిన ప్రతిసారీ ఫలానాయన ఇచ్చాడని మనచేత అనిపిస్తారు. చట్టం ప్రకారం రావలసినదాన్ని దానంలా పుచ్చుకోమంటారు. దానం పుచ్చుకున్నవాళ్లు లెక్క అడగరు కదా. హక్కున్నవాళ్లు అడుగుతారు: చట్టంలో జొన్న ఉంటే మా రేషన్ షాపులో ఎందుకు లేదు? బాలామృతం పడని పిల్లకు ఆ రెండున్నర కిలోలకు బదులు ఏమిస్తారు? రెండేళ్లు ఎదగని పిల్లకు ఆ రక్తపరీక్ష జిల్లాలోనే ఎందుకు జరగదు?

ఇంకో లెక్క. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా కాలం లెక్క తీసింది. ఇంటిచాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. 2024లో మళ్లీ లెక్కేస్తే స్త్రీలవి 289, మగవాళ్లవి 88. ఐదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గితే వాళ్లకు తొమ్మిది తగ్గాయి. జొన్నరొట్టె మళ్లీ పళ్లెంలోకి రావాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. రొట్టె తట్టే చేతులు మారకుండా రొట్టె తిరిగొస్తే, అది మన మీద ఇంకో గంట చాకిరీగానే వస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు చిన్న మార్పు వచ్చింది. గిర్నికి జొన్నలు మోసేది, తొలి సేరు తిప్పేదాకా నిలబడి చూసేది భర్త. పొయ్యి దాకా ఇంకా రాలేదు.

సభ తర్వాత కొన్ని రోజులకు ఆమెను అడిగాను. నిజంగా ఎవరికీ కృతజ్ఞత లేదా అని. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఆపుదం తియ్యి" అన్న ముసలామె. పత్తి ఏరేటప్పుడు తన సాలు కూడా ఏరి, పిల్లతో హైదరాబాదు పంపించిన పక్కింటామె. తిట్టుకుంటూనే ఇసుర్రాయి ఎట్ల తిప్పాలో చూపించిన అత్త. "వీళ్లకు మైకుల జెప్పేదేముంది మేడమ్? దండం వెట్టుడు వేరు, యాదిల వెట్టుకునుడు వేరు."

కృతజ్ఞత అన్న సంస్కృత పదాన్ని విప్పి చూస్తే అర్థం సరిగ్గా అదే, చేసినదాన్ని ఎరిగి ఉండటం. ఎవరి చెయ్యి, ఎంతసేపు, ఏ పని చేసిందో తెలిసి ఉండటం. ఆ ఎరుక ఇంట్లో ఉంటే రొట్టె తట్టే పని పంచుకోవలసి వస్తుంది. ఊళ్లో ఉంటే మలీద బర్రెకు పోదు. మార్కెట్‌లో ఉంటే విత్తనం దాచినామెకు ధర వస్తుంది. తల వంచి కాళ్లు మొక్కేవాళ్లకు ఆ చేతులు కనబడవు. తలెత్తి చూసేవాళ్లకే కనబడతాయి.

అందుకని ఇవాళ మన సంఘాలు చేయదగిన పనులు మూడు చెప్పి ముగిస్తాను. మీ మీ ఊళ్లలో బాలామృతం తింటూ కూడా చిక్కిపోతున్న పిల్లలెవరైనా ఉంటే తల్లిని తప్పుపట్టకముందే పరీక్షకు పంపించండి. డాక్టరు తేల్చకముందే గోధుమ మాన్పించకండి, మాన్పిస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. చట్టంలో ఉన్న జొన్నను రేషన్ షాపులో అడుగుతూ సంఘం తరఫున కాగితం రాయండి. వచ్చే సద్దుల బతుకమ్మకు మలీద ఏ ఇంట్లో చేస్తారో, ఎవరు తింటారో, ఎవరు కొంగున కట్టుకుపోతారో మీరే చూసి వచ్చే సమావేశంలో చెప్పండి.

మొదట చెబుతానన్న మాట ఇప్పుడు చెబుతాను. ఈ పొద్దున మనకందరికీ అన్నం వండిన నలుగురు అక్కలు వెనక గదిలో గిన్నెలు తోముతున్నారు. వాళ్లు నా ప్రసంగం వినలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు మనం తోముదాం, వాళ్లొచ్చి ఈ కుర్చీల్లో కూర్చుని మాట్లాడతారు. నా కృతజ్ఞత అంతే.